చువాషియాలో ఒక పల్లె రయోన్: అలికోవో నేల, నీళ్లు, పాలన

పటాలపిచ్చి:
రష్యాలోని రిపబ్లిక్కుల పటాలు తెలుగు పేర్లతో గీస్తున్నాను. వోల్గా కుడి ఒడ్డున ఉన్న చువాషియా దగ్గర చిక్కు వచ్చింది. పాత పటంలో 21 రయోన్లు, అంటే పాలనా విభాగాలు, ఒక్కో రయోన్ లోపల మళ్లీ పదో పన్నెండో చిన్న గీతలు. కొత్త పటంలో లోపలి గీతలు లేవు, పై గీత అలాగే ఉంది కానీ దాని పేరు 'మునిసిపల్ ఓక్రుగ్' అయింది. అన్నీ ఒకేసారి ఎక్కించడం నావల్ల కాదు కాబట్టి వాయవ్యంలో అలికోవో ఊరు కేంద్రంగా ఉన్న అలికోవ్‌స్కీ రయోన్ ఒక్కటి ముందు పూర్తి చేద్దామనుకున్నా. ఊళ్లు చుక్కల్లా చల్లేసినట్టున్నాయి. ఇంత చిన్న జాగాలో ఇన్ని ఊళ్లేమిటి? వాటిని ఎవరు పాలిస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

అడ్డంగా_అడిగేవాడు:
మన మండలాల సరిహద్దులే సరిగ్గా తెలియవు, చువాషియా దేనికన్నా?

పటాలపిచ్చి:
మన మండలాల పటాలు గీసినప్పుడు కూడా నువ్వు ఇదే అడిగావు తమ్ముడూ.

మాస్కో_మామయ్య:
ముందు కొలతలు చెప్తాను, తర్వాత కథ. చువాషియా మొత్తం 18,343 చదరపు కిలోమీటర్లు. 2021 లెక్కల్లో జనాభా 11 లక్షల 87 వేలకు కాస్త తక్కువ. అంటే చదరపు కిలోమీటరుకు 65 మంది దాకా. మనకు ఇది పలుచనే, రష్యాకు మాత్రం ఇరుకు. అక్కడ దేశం మొత్తం సగటు పదికి లోపే. రాజధాని చెబోక్సరీ, చువాష్ భాషలో షుపాష్కర్. రిపబ్లిక్కులో పట్టణాలు తొమ్మిదే, మిగిలిందాంట్లో ఎక్కువ పల్లె.

నువ్వు అడిగిన అలికోవ్‌స్కీ సుమారు 550 చదరపు కిలోమీటర్లు. 2010లో 18 వేల పైచిలుకు జనం, అప్పటినుంచి తగ్గుతూనే ఉన్నారు. ఉత్తరాన మొర్గౌషి, పడమర యాద్రిన్, నైరుతిలో క్రాస్నియే చెతాయ్, దక్షిణాన శూమెర్ల్యా, ఆగ్నేయాన వుర్నరీ, తూర్పున క్రస్నఅర్మేయ్‌స్కొయె రయోన్లు. ఈ రయోన్లో పట్టణం లేదు, రైలు లేదు. మాస్కో-కజాన్ రైలు మార్గం దక్షిణంగా శూమెర్ల్యా, వుర్నరీ, కనాష్‌ల మీదుగా పోతుంది. అలికోవోవాళ్లు రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి.

రిటైర్డ్_ఎంపీడీవో:
మామయ్యగారూ, నమస్కారం. రయోన్ అంటే మన మండలం లాంటిదనుకోవచ్చా? విస్తీర్ణం కాస్త పెద్దది గానీ, జనం చూస్తే మా మండలంలో సగం కూడా లేరు. 1985లో రామారావుగారు తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆఫీసు దగ్గరికొస్తే జనానికి ఎంత తేడా వస్తుందో కళ్లారా చూశాను. అందుకే అడుగుతున్నా.

మాస్కో_మామయ్య:
పనుల రీత్యా చూస్తే మండలానికీ జిల్లాకూ మధ్యలో పెట్టండి. స్కూళ్లు, ఊరి రోడ్లు, సాంస్కృతిక భవనాలు దాని చేతిలో ఉంటాయి. పోలీసు, కోర్టు, ప్రాసిక్యూటర్ ఫెడరల్ ప్రభుత్వానివి, వాటి జోలికి రయోన్ పోదు.

మీ అనుభవానికి దగ్గరి సంగతి ఒకటుంది. జారు కాలంలో అలికోవో ఒక వోలస్త్ కేంద్రం, అంటే కొన్ని ఊళ్లు కలిపిన చిన్న పాలనా విభాగానికి కేంద్రం. దాని పైన యాద్రిన్ ఉయెజ్ద్, ఆ పైన కజాన్ గుబేర్నియా. 1920 జూన్‌లో చువాష్ స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది, 1925లో అది స్వయంపాలిత రిపబ్లిక్ అయింది. 1927లో ఉయెజ్దులూ వోలస్తులూ ఎత్తేసి రయోన్లు పెట్టారు, అలికోవ్‌స్కీ అప్పటిదే. 1962లో కృశ్చేవ్ హయాంలో రయోన్లను కుప్పలు కుప్పలుగా కలిపేశారు. ఆయన దిగిపోయాక చాలావాటిని మళ్లీ విడదీశారు. కలపడం, విప్పడం అక్కడ కొత్తేమీ కాదు.

నల్లరేగడి:
ఊళ్లు ఎందుకలా చల్లినట్టున్నాయంటే, ముందు నేలను చూడాలి. పాలన సంగతి తర్వాత.

చువాషియా ఉత్తర సగం పీఠభూమి. కానీ బల్లపరుపు కాదు. మంచు కరిగిన నీళ్లూ వానలూ కలిసి మెత్తటి మట్టిని వందల చోట్ల కోసేశాయి. లోతైన వంకలు, వాటికి పిల్ల వంకలు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే ఎండుటాకు ఈనెల్లా కనిపిస్తాయి. వంకల పక్కనే ఊటలుంటాయి కాబట్టి ఊళ్లన్నీ అక్కడే పుట్టాయి. గట్టుమీద పొలం, అంచున ఇళ్లు, కింద నీళ్లు. ఊళ్లో జనం పెరిగితే ఇంకో వంక అంచుకు కొందరు లేచిపోతారు, అదో కొత్త ఊరు. ఊరిపేరు చివర 'కాసీ' అని కనిపించేవి చాలావరకు ఇలా తల్లి ఊరినుంచి విడివడ్డవే. అలికోవ్‌స్కీలో యెఫ్రెమ్‌కాసీ అలాంటి పేరే.

నీటి పారుదల కూడా పటంలో గీయి. పడమటి నీళ్లు వీల నదిలోకి, అది సూర నదిలోకి, సూర వెళ్లి వోల్గాలోకి. రిపబ్లిక్కు మధ్యలో నీళ్లు మాత్రం త్సివిల్ నది పట్టుకుని నేరుగా వోల్గాకు చేరతాయి.

పటాలపిచ్చి:
అంటే వంకల గీతలు ముందు గీసి, తర్వాత ఊళ్లు పెడితే చుక్కలు వాటంతటవే సర్దుకుంటాయన్నమాట. మట్టి ఏ రకం?

నల్లరేగడి:
ఉత్తరాన ఎక్కువగా బూడిదరంగు అడవి మట్టి, మోస్తరు సారం. అసలు నల్లమట్టి ఆగ్నేయాన యాల్చిక్, బతీరెవో వైపు. నా పేరు చూసి ఆశపడకండి, అలికోవోకి ఆ అదృష్టం తక్కువ. బంగాళాదుంప, రై, గోధుమ, పశువుల మేత. రిపబ్లిక్కు మొత్తానికి పేరు తెచ్చింది మాత్రం హాప్స్. బీరుకు చేదు ఇచ్చే తీగ అది. సోవియట్ రోజుల్లో రష్యా హాప్స్‌లో సింహభాగం అక్కడిదే.

అడవి సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఒకప్పుడు ఈ ప్రాంతమంతా సిందూర వృక్షాల అడవి, ఓక్ అంటాం కదా, అదే. పీటర్ చక్రవర్తి కాలం నుంచి ఓడలకు ఈ కలప నరికించారు. చెట్టు పోయాక వానకు అడ్డు పోయింది, వంకలు ఇంకా లోతయ్యాయి. మిగిలిన ఓక్‌లను 1978-79 చలికాలం దెబ్బతీసింది. ఇప్పుడు పెద్ద అడవులన్నీ పడమరన సూర వెంబడి, దక్షిణాన. ఆగ్నేయ మూల షెముర్షా దగ్గర 1993లో 'చావాష్ వర్మానే' జాతీయ వనం పెట్టారు.

అడ్డంగా_అడిగేవాడు:
బీరు మాటెత్తారు కాబట్టి ఇప్పుడు చదువుతున్నా.

చెబోక్సరీ_డాక్టరమ్మ:
నమస్తే అందరికి. మాది కరీంనగర్ సైడు. చెబోక్సరీల చువాష్ స్టేట్ యూనివర్సిటీల మెడిసిన్ చదువుతున్న. ఇక్కడ మనోళ్లు మస్తుమంది ఉన్నరు. మా క్లాస్‌మేట్‌ది అలికోవ్‌స్కీల ఒక చిన్న ఊరు, ఏప్రిల్‌ల రెండు రోజులు వాళ్లింట్ల ఉన్న.

నల్లరేగడి గారు చెప్పినట్టే ఉంటది. మార్ష్రూత్క అంటే చిన్న వ్యాను, అది మెయిన్ రోడ్డు మీద దింపింది. అక్కడికెళ్లి ఊరు కనవడుతనే ఉంది, అవతలి గట్టు మీద. కని నడుమ వంక ఉంది. తారు రోడ్డు తిరిగి తిరిగి పోతది, అడ్డదారి దిగి ఎక్కాలె. నా బూట్లు బురదల ఇరుక్కొని కాలొక్కటే పైకొచ్చింది. మంచు కరిగే దినాలల్ల మట్టి బాటలు అట్లనే ఉంటయట, ట్రాక్టర్ తప్ప ఏదీ పోదు.

ఊర్ల ఇండ్లు మంచిగున్నయి. ఇటుకతోని పూలు, నక్షత్రాలు డిజైన్ తీసిన పెద్ద గేట్లు. పసుపు రంగు గ్యాస్ పైపు భూమిల కాదు, మీదనే వీధంతా పోతది. గేటు కాడికి రాంగనే తోరణం లెక్క పైకి లేసి, దాటినంక మళ్ల కిందికి దిగుతది. ప్రతి ఇంటికి గ్యాస్ ఉంది. నీళ్లకు ఊరవతల వెండి రంగు ఇనుప ట్యాంకు. ఇంటికింద నేలమాళిగ, దాన్నిండ ఆలుగడ్డ, ఊరగాయ సీసాలు.

అన్నా, అడిగినవు కదా, ఇంట్ల చేసిన బీరు 'సార' అంటరు. నేనైతే వాసన చూసి పక్కకు పెట్టిన.

అడ్డంగా_అడిగేవాడు:
పేరు కూడా సారానే! చెల్లెమ్మా, ఇక అనువాదం అక్కర్లేదు.

మోడరేటర్:
పాలన గురించి మాట్లాడదాం. సారా చర్చకు వేరే గది ఉంది.

మాస్కో_మామయ్య:
ఆ పసుపు గొట్టాలు 2000ల మొదట్లో నికొలాయ్ ఫ్యోదరొవ్ చువాషియా అధ్యక్షుడిగా ఉన్నప్పటి పని. రష్యాలో చాలా చోట్ల పల్లెలకు గ్యాస్ రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. చువాషియా మాత్రం ఊరూరికీ గొట్టం వేసేసింది. గ్యాస్ వచ్చాక కట్టెలు కొట్టే పని తప్పింది. అయినా కుర్రాళ్లు ఊళ్లలో నిలవలేదు. పని కోసం చెబోక్సరీ, కజాన్, మాస్కో. మాస్కోలో కట్టడాల దగ్గర వంతులవారీగా పనిచేసి ఇంటికి పోయే చువాష్‌లు నాకు తరచూ తగులుతారు.

ఇప్పుడు అసలు ప్రశ్న, లోపలి గీతలు. సోవియట్ కాలంలో కొన్ని ఊళ్లకు కలిపి ఒక గ్రామ సోవియెత్, అంటే ఊళ్ల సభ, ఉండేది. 2003లో వచ్చిన ఫెడరల్ చట్టం, దాని సంఖ్య 131, వాటి స్థానంలో గ్రామ స్వపరిపాలన సంస్థలను తెచ్చింది. 2006 నుంచి అమల్లోకి వచ్చింది. అలికోవ్‌స్కీలో అవి 12. అలికోవో, బల్షాయా వీల, రస్కిల్దినొ, యాందొబ, చువాష్‌స్కయా సొర్మ, తావుతొవొ, పితిషెవొ, షుమ్షెవాషీ వగైరా. ఒక్కోదానికి సొంత సభ, సొంత పెద్ద, సొంత బడ్జెట్. దానిపైన రయోన్ సభ. రెండంతస్తుల ఏర్పాటు.

2021-22లో కింది అంతస్తు తీసేశారు. 12 సంస్థలూ రద్దై రయోన్ మొత్తం ఒకే మునిసిపల్ ఓక్రుగ్ అయింది. పక్కనున్న శూమెర్ల్యా రయోన్ ఈ దారిలో ముందు నడిచింది, మిగతావి వెనకే వచ్చాయి. ఇప్పుడున్నది ఒకే సభ. ఓక్రుగ్ అధిపతిని జనం నేరుగా ఎన్నుకోరు. పోటీకి దరఖాస్తు చేసుకున్నవాళ్లను ఒక కమిషన్ వడపోస్తుంది, వాళ్లలోంచి సభ ఒకరిని ఎంచుకుంటుంది.

రిటైర్డ్_ఎంపీడీవో:
అయితే ఆ 12 ఆఫీసుల గతి? సిబ్బంది? సొంత ఆదాయం ఎంతుండేది?

మాస్కో_మామయ్య:
ఆఫీసులు చాలావరకు 'ప్రాదేశిక విభాగం' అనే బోర్డు తగిలించుకుని అక్కడే ఉన్నాయి. తేడా ఏమిటంటే అక్కడ కూర్చున్నది ఎన్నికైన సంస్థ కాదు, ఓక్రుగ్ పంపిన ఉద్యోగి. ఆదాయమా? ఇంటి పన్ను, భూమి పన్ను, ఆదాయపు పన్నులో చిన్న ముక్క, అంతే. మిగతాదంతా పైనుంచి రావాల్సిందే. సర్కారు చెప్పిన వాదన అదే: జీతాలకే సరిపోని బడ్జెట్‌తో పన్నెండు సభలెందుకు, ఒకటి చాలు, మిగిలిన డబ్బు రోడ్లకు పెడదాం.

రిటైర్డ్_ఎంపీడీవో:
ఆ వాదన నేను నలభై ఏళ్లుగా వింటున్నాను సార్. డబ్బు లేదు కాబట్టి అధికారం తీసేస్తామంటారు గానీ, అధికారం ఉంది కాబట్టి డబ్బిద్దామని ఎవరూ అనరు. పంచాయతీకి నిధులివ్వకుండా పదేళ్లు ఎండబెట్టి, చూశారా ఇది పనిచేయదని తీర్పు చెప్పడం ఏ దేశంలోనైనా తేలికే.

నల్లరేగడి:
గురువుగారూ, ఇంకో వైపు కూడా చూడండి. వెయ్యిన్నర మంది ఉన్న సంస్థకు వంతెన కట్టే ఇంజనీరు ఎక్కణ్ణుంచి వస్తాడు? వంక మీద మట్టికట్ట తెగితే దాని పని ఓక్రుగ్ స్థాయిలోనే జరగాలి. చువాష్ పల్లెల్లో వంకలకు అడ్డంగా మట్టికట్టలు వేసి చెరువులు చేసుకున్నారు, ఎక్కడ చూసినా అవే. వసంతంలో మంచునీరు ఒక్కసారిగా దిగినప్పుడు అన్నిటికంటే ముందు తెగేవీ అవే. ఒక వంక మూడు గ్రామ సంస్థల గుండా పారితే ఏ పెద్దను అడగాలి? నీటికి పరిపాలన గీతలు తెలియవు.

రిటైర్డ్_ఎంపీడీవో:
కట్టలకు ఓక్రుగ్ సరే, ఒప్పుకుంటాను. వీధి దీపం ఆరిపోతే? శ్మశానానికి దారి మూసుకుపోతే?

చెబోక్సరీ_డాక్టరమ్మ:
దానికి 'స్తారొస్త' ఉంటడు సార్, ఊరి తరఫున అడిగే మనిషి. మా ఫ్రెండ్ వాళ్ల ఊర్ల ఒక రిటైర్డ్ టీచరమ్మ చేస్తది. జీతం లేదు. చలికాలంల రోడ్డు మీద మంచు తీసే ట్రాక్టర్ రాకపోతే ఫోన్ చేసేది ఆమెనే. నేనున్న రెండు రోజులల్లనే ఆమె ఫోన్ చెవినుంచి దిగలే. కని ఆమెకు సంతకం లేదు, ముద్ర లేదు. "అరవడానికి మాత్రం హక్కుంది" అని నవ్వింది.

మాస్కో_మామయ్య:
స్తారొస్త అన్నది పాత రైతు సముదాయాల నాటి పేరే. 2018లో దాన్ని ఫెడరల్ చట్టంలోకి ఎక్కించారు.

సంతకం అంటే గుర్తొచ్చింది. పల్లెల్లో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం 'ఇంటింటి పుస్తకం'. ఏ ఇంట్లో ఎవరున్నారు, పెరడు ఎంత, ఆవులెన్ని, మేకలెన్ని, తేనెటీగల పెట్టెలెన్ని, అన్నీ అందులో రాస్తారు. స్థలం రిజిస్ట్రేషన్‌కు హక్కు పత్రం లేకపోతే ఆ పుస్తకం నకలే ఆధారం. పాడి ఆవుకు సాయం కావాలన్నా అదే. ఇంతకుముందు గ్రామ సంస్థ గుమాస్తా రాసేవాడు, ఇప్పుడు ఆ బాధ్యత ఓక్రుగ్‌ది. పుస్తకం కూడా కంప్యూటర్లోకి మారుతోంది.

అడ్డంగా_అడిగేవాడు:
కంప్యూటర్లోకి మారితే మంచిదే కదా? ఇంట్లో కూర్చుని తీసుకోవచ్చు. ఆఫీసు ఎంత దూరమైతే ఏంటి?

చెబోక్సరీ_డాక్టరమ్మ:
అన్నా, నీ వయసోళ్లకు ఓకే. ఆ ఊర్ల ఉన్నది ఎక్కువ ముసలోళ్లే. గోసుస్లూగీ అని సర్కారు పోర్టల్ ఉంది, వాళ్ల మనవరాలు చెబోక్సరీ నుంచి ఎక్కి చేసిపెడతది. మనవరాలు లేనోళ్లు బస్సెక్కి అలికోవో సెంటర్‌కు పోవాలె. ఆ బస్సు పొద్దున పోతది, మధ్యాహ్నం వస్తది, తప్పిపోతే ఇగ అంతే.

ఇంకోటి, ఆసుపత్రి ఓక్రుగ్ చేతుల లేదు. అలికోవోల ఉన్న పెద్ద దవాఖాన రిపబ్లిక్ ఆరోగ్య శాఖ కింద వస్తది. ఊర్లల్ల ఫెల్డ్‌షర్ ఉండే చిన్న కేంద్రాలు, డాక్టర్ ఉండడు. ఫెల్డ్‌షర్ అంటే నర్సుకు ఎక్కువ, డాక్టర్‌కు తక్కువ. బీపీ, సూదులు, కట్లు, పుట్టిన పిల్లల్ని చూసుడు. మేము పోయిన దాంట్ల ఒక గది, ఒక చిన్న ఫ్రిజ్, గోడ మీద రెండు భాషల్ల బోర్డు. ఆ ఫెల్డ్‌షరమ్మ పక్కన ఇంకో రెండు ఊర్లు కూడ చూస్తది. ముసలమ్మలతోని పూర్తిగ చువాష్‌లనే మాట్లాడుతది. మా యూనివర్సిటీల నేర్పే రష్యన్ అక్కడ నాకు సగమే పనికొచ్చింది.

పటాలపిచ్చి:
మీ యూనివర్సిటీకి ఉన్న పేరు లెనిన్ తండ్రిది కదా?

మాస్కో_మామయ్య:
అవును, ఇల్యా ఉల్యానొవ్. సింబీర్స్క్ పట్టణంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్‌గా ఉండి ఇవాన్ యాకొవ్లెవ్‌కు అండగా నిలిచాడు. ఆ యాకొవ్లెవ్ 1870లలో చువాష్‌కు కొత్త లిపి కూర్చాడు, 1868లో సింబీర్స్క్‌లో మొదలుపెట్టిన చువాష్ బడి నుంచి టీచర్లను పల్లెలకు పంపాడు. తుర్కిక్ కుటుంబంలో ఒగుర్ శాఖ భాషలన్నీ పోయి చువాష్ ఒక్కటే మిగిలింది. అలికోవో వైపువాళ్లు 'విర్యాల్', అంటే పై ప్రాంతపు చువాష్‌లు. ఆగ్నేయంవాళ్లు 'అనాత్రి'. యాసలు, ఆడవాళ్ల కట్టూబొట్టూ కూడా వేరు.

నల్లరేగడి:
పటంలో ఇంకో గీత పెట్టు తమ్ముడూ. సూర రక్షణ రేఖ. 1941 అక్టోబరులో, జర్మన్లు మాస్కో ముంగిట ఉన్నప్పుడు, వోల్గా దాకా వస్తే ఆపడానికి సూర వెంబడి కందకాలు తవ్వించారు. పనంతా ఈ పల్లెల జనమే, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లకాయలు. గడ్డకట్టిన నేలను గునపాలతో పగలగొట్టి 1942 జనవరి నాటికి పూర్తి చేశారు. యుద్ధం అక్కడిదాకా రాలేదు. దశాబ్దాలపాటు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, 2021ని మాత్రం చువాషియా వాళ్ల పేరునే జరిపింది.

పటాలపిచ్చి:
తప్పకుండా. ఇంకో అనుమానం. కనాష్ ఊరు కనాష్ ఓక్రుగ్ నడిమధ్యలో ఉంది కదా, మరి పటంలో దానికి వేరే రంగు ఎందుకు?

మాస్కో_మామయ్య:
కనాష్ పట్టణం ఆ ఓక్రుగ్‌లో భాగం కాదు కనక. చెబోక్సరీ, నొవొచెబోక్సర్స్క్, కనాష్, అలాతీర్, శూమెర్ల్యా, ఈ ఐదూ రిపబ్లిక్ నేరుగా చూసే పట్టణాలు. కనాష్ ఓక్రుగ్ పాలకులు కూర్చునేది మాత్రం కనాష్ పట్టణంలోనే, అంటే తమది కాని ఊళ్లో. చెబోక్సరీ ఓక్రుగ్ కేంద్రం చెబోక్సరీ కాదు, కుగేసి అనే చిన్న ఊరు. ఈ ఐదింటికీ చుట్టూ ఉన్న రంగు కాక వేరే రంగు వేయి.

రిటైర్డ్_ఎంపీడీవో:
పక్క రిపబ్లిక్కుల్లో కూడా ఇలాగే చేశారా మామయ్యగారూ?

మాస్కో_మామయ్య:
తతార్‌స్తాన్ ఒప్పుకోలేదు. దేశమంతా ఒకే అంతస్తు పెడదామని కొత్త చట్టం తెచ్చినప్పుడు గట్టిగా అడ్డుచెప్పింది వాళ్లే. చివరికి 2025 మార్చిలో సంతకమైన చట్టం ఒకటా రెండా అన్నది ఆయా ప్రాంతాలకే వదిలేసింది. తతార్‌స్తాన్ పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. ఊరివాళ్లు ఓటేసి తలా కొంత వేసుకుంటారు, వాళ్లు వేసిన ప్రతి రూబుల్‌కు రిపబ్లిక్ నాలుగు కలుపుతుంది. చువాషియాలోనూ జనం వాటా వేసుకుని రోడ్డు, బావి, ఆటస్థలం చేయించుకునే పథకం బాగానే నడుస్తోంది. కాకపోతే అక్కడ ఊరు తరఫున సంతకం పెట్టే సంస్థ ఇప్పుడు ఊళ్లో లేదు.

రిటైర్డ్_ఎంపీడీవో:
నేనడిగేదీ అదే. డబ్బు ఊరిది, సంతకం ఓక్రుగ్‌ది.

నల్లరేగడి:
కట్ట నిలబడితే సంతకం ఎవరిదైతేనేం గురువుగారూ.

రిటైర్డ్_ఎంపీడీవో:
తెగినప్పుడు తెలుస్తుంది బాబూ, ఎవరిదో.

చెబోక్సరీ_డాక్టరమ్మ:
మా ఫ్రెండ్‌ను అడిగిన, వాళ్ల నాయిన ఏమంటడని. రోడ్డు మీద మంచు తీసుడు ముందుకన్న మంచిగైందట, ట్రాక్టర్లన్నీ ఒక్కచోట ఉన్నయి కాబట్టి. కని కాగితం పనికి తిరుగుడు ఎక్కువైందట. ఆయన రెండూ ఒక్క ఊపిరిలనే చెప్పిండు, దేనికి ఓటేస్తవంటే జవాబియ్యలే.

పటాలపిచ్చి:
అయితే పటంలో పై సరిహద్దు నిండు గీతగా, పేరు 'అలికోవ్‌స్కీ మునిసిపల్ ఓక్రుగ్' అని పెడుతున్నాను. పాత 12 సరిహద్దులు చుక్కల గీతలుగా ఉంచి '2022 వరకు' అని రాస్తాను. వంకలు నీలం, మట్టికట్టలు గోధుమరంగు. డాక్టరమ్మా, ఆ మెయిన్ రోడ్డు నుంచి అడ్డదారి ఎక్కడ దిగుతుందో మీ ఫ్రెండ్‌ని అడిగి చెప్తారా? ఏ పటంలోనూ లేదు.

చెబోక్సరీ_డాక్టరమ్మ:
అడుగుత. ఆగస్టుల అయితే గీయి, ఏప్రిల్‌ల ఉండది ఆ దారి.